కన్ను ఎటు, బండి ఎటు, చెయ్యి ఎటు

"అక్కా, కుడి అంటే ఏ కుడి?"

ఈ మాట అడిగిన అమ్మాయిది ఖమ్మం. ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి అప్పటికి తొమ్మిది నెలలు. మన దేశపు లైసెన్సుతో ఇక్కడ కారు నడపనిచ్చేది, ఇక్కడ కాపురం పెట్టిన నాటి నుంచి 12 నెలలే. ఆ గడువు దాటితే బ్రిటన్ ప్రొవిజనల్ లైసెన్సు తీసుకుని, ముందు థియరీ పరీక్ష, తర్వాత రోడ్డు మీద పరీక్ష, రెండూ గట్టెక్కాలి. నైట్ డ్యూటీ దిగే వేళకు ఆమె ఉండే వైపు బస్సు ఉండదు. చలికాలం చీకట్లో నలభై నిమిషాలు నడిచి ఇల్లు చేరేది. కారు ఆమెకు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా వంటింటి బల్ల మీద ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం 'హైవే కోడ్' తెరిచి పెట్టింది. రౌండబౌట్ల మీద ఉన్నవి 184 నుంచి 190 దాకా ఏడు నియమాలు. ఏడూ పసుపు మార్కర్‌తో నిండిపోయి ఉన్నాయి. గీత పడని వాక్యం ఒక్కటీ లేదు.

"కుడివైపు చూడమంటాడు. కుడి లేన్‌లో ఉండమంటాడు. కుడి ఇండికేటర్ వెయ్యమంటాడు. ఇంకోచోట అసలు ఏ ఇండికేటరూ వద్దంటాడు. చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటది అక్కా. ప్రశ్న ముందుకొచ్చేసరికి కలగాపులగం అయితది."

ఆ పసుపు పేజీ నాకు బాగా తెలుసు. నేను మొదటిసారి ఈ థియరీ పరీక్షకు కూర్చున్నప్పుడు నా పుస్తకమూ అలాగే ఉండేది. 50 ప్రశ్నల్లో 43 రావాలి. నాకు 41 వచ్చాయి. పోయిన వాటిలో కనీసం మూడు రౌండబౌట్లవేనని మెట్లు దిగుతూనే తెలిసిపోయింది. హైదరాబాదులో ఆరేళ్ళు కారు నడిపినదాన్ని. మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని చదివినదాన్ని. చదవనందుకు మార్కులు పోతే మనసు సర్దుకుంటుంది గానీ, చదివి కూడా పోతే ఎక్కడ తప్పు జరిగిందో తెలియక లోపల తొలుస్తూ ఉంటుంది. రెండోసారికి ముందు నేను చదివే పద్ధతి మార్చుకున్నాను. ఆ తర్వాత మన వాళ్ళు ఎవరడిగినా అదే పద్ధతి చెబుతూ వచ్చాను. ఈ అధ్యాయమంతా అదే.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. పుస్తకంలో 'కుడి' అన్న ఒక్క మాట మూడు వేరువేరు పనులకు వాడుతున్నారు. చూపు కుడికి. బండి ఉండాల్సిన వరుస కుడి. వెయ్యాల్సిన ఇండికేటర్ కుడి. మూడింటినీ ఒకే సంచిలో వేసి కంఠతా పడితే, ప్రశ్న వచ్చినప్పుడు చెయ్యి పెట్టగానే ఏది దొరికితే అది బయటికి వస్తుంది. కాబట్టి ముందు విడదీయాలి. రౌండబౌట్ మీద ఏ ప్రశ్న ఎదురైనా మూడు చిన్న ప్రశ్నలుగా చేసుకోండి: నా కన్ను ఎటు? నా బండి ఎటు? నా చెయ్యి ఎటు? ఇండికేటర్ వేసేది చెయ్యి కాబట్టి దాన్ని చెయ్యి అంటున్నాను. పూర్వం సైకిలు మీద పోయేవాళ్ళు మలుపులో చెయ్యి చాపేవాళ్ళు కదా, అదే చెయ్యి.

ఈ మూడింట్లో కన్నుది ఎప్పుడూ ఒకటే జవాబు. బండికీ చేతికీ మాత్రం మీరు ఏ దారిన దిగుతారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇంత తేలాక పుస్తకంలోని గందరగోళం చాలా వరకు తగ్గిపోతుంది.

కన్ను

రౌండబౌట్‌లోకి వెళ్ళే ముందు మీ కుడివైపు నుంచి వచ్చే వాహనాలకు దారి ఇవ్వాలి. బోర్డులు గానీ, రోడ్డు మీది గీతలు గానీ, సిగ్నల్ దీపాలు గానీ వేరేగా చెబితే తప్ప ఇదే నియమం. మీరు ఎడమకు తిరుగుతున్నా, నేరుగా పోతున్నా, చుట్టూ తిరిగి వెనక్కి వస్తున్నా చూపు మారదు.

దీన్ని నేను బట్టీ పట్టలేదు. ప్రదక్షిణతో గుర్తుపెట్టుకున్నాను. గుడిలో నవగ్రహాల చుట్టూ తిరిగేటప్పుడు మండపం ఎప్పుడూ మన కుడిచేతి వైపే ఉంటుంది. ప్రదక్షిణం అన్న మాటలోనే దక్షిణం, అంటే కుడి ఉంది. బ్రిటన్‌లో మన దేశంలాగే రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి ఇక్కడి రౌండబౌట్ చుట్టూ తిరగడం అచ్చంగా ప్రదక్షిణే. మధ్యలో దిబ్బ మన కుడిచేతి వైపు ఉంటుంది, తిరగడం గడియారం ముళ్ళ దిశలో. శనివారం సాయంత్రం నవగ్రహాల దగ్గర జనం తిరుగుతుంటే మీరు ఏం చేస్తారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అప్పటికే తిరుగుతున్నవాళ్ళు మీ కుడివైపు నుంచే వస్తుంటారు. వాళ్ళను తోసుకుని మధ్యలో దూరరు. ఒక్క క్షణం ఆగి, సందు చూసి కలుస్తారు. నియమం అంతే. ఈ పోలిక చెప్పినప్పుడు ఆ అమ్మాయి కుర్చీలో కూర్చునే మెడ కుడికి తిప్పి చూసింది. అప్పుడే నాకు అనిపించింది, ఇక ఈ ఒక్కటీ మర్చిపోదని.

ఈ నియమం మొదటి నుంచీ లేదు. లండన్‌కు ఉత్తరాన ఉన్న లెచ్‌వర్త్ పట్టణంలో 1909 ప్రాంతంలో కట్టిన రౌండబౌట్‌నే ఈ దేశంలో మొదటిదిగా చెప్పుకుంటారు. అయితే కుడివైపు వాళ్ళకు దారి ఇవ్వాలన్న నియమం వచ్చింది 1966 నవంబరులో. అంతకు ముందు లోపల తిరుగుతున్నవాళ్ళకే ముందు హక్కు అన్న కట్టుబాటు లేకపోయింది. బయటివాళ్ళు వచ్చి దూరుతుంటే లోపలి వాళ్ళు దిగాల్సిన దారి దాకా పోలేక నిలిచిపోయేవాళ్ళు. దిగేవాళ్ళు దిగకపోతే ఎక్కేవాళ్ళకు చోటుండదు. చక్రం మొత్తం బిగుసుకుపోయేది. లోపలున్నవాడికి ముందు దారి ఇస్తే వాడు దిగిపోతాడు, చోటు దానంతట అదే ఖాళీ అవుతుంది. కారణం తెలిస్తే నియమం మనసులో నిలుస్తుంది. అందుకే ఈ చరిత్ర చెప్పాను. పరీక్షలో దీన్ని అడగరు.

మన ఊళ్ళ సంగతి కూడా ఒకటి చెప్పాలి. కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకు దారి ఇవ్వాలన్నది మన దేశపు రోడ్డు నియమాల్లోనూ ఉంది. వాడుక వేరుగా ఉందంతే. విజయవాడలోనో హైదరాబాదులోనో సర్కిల్ దగ్గర మనం ముందు చూసేది ఎదుటి బండి ఎంత పెద్దది, ఎంత వేగంగా వస్తోంది, మనల్ని చూశాడా లేదా అని. అక్కడి రోడ్డు నేర్పిన జాగ్రత్త అది, దాన్ని నేను తక్కువ చెయ్యను. అదే అలవాటుతో ఇక్కడి ప్రశ్న చదివితే మాత్రం తప్పు జవాబే సబబుగా కనిపిస్తుంది. మీకు డ్రైవింగ్ వచ్చు కాబట్టే ఈ భాగం మీకు కష్టం. కొత్తగా నేర్చుకునే పదిహేడేళ్ళ పిల్లలకు మరిచిపోవాల్సింది ఏమీ ఉండదు.

ఇంకో జాగ్రత్త. అమెరికాలో ఉన్న మన వాళ్ళు తెలుగులో చేసిన డ్రైవింగ్ వీడియోలు చాలా ఉన్నాయి, మంచివే. కానీ అక్కడ రోడ్డుకు కుడి పక్కన నడుపుతారు. వాళ్ళ రౌండబౌట్ తిరిగేది అప్రదక్షిణంగా, దారి ఇచ్చేది ఎడమవైపు నుంచి వచ్చేవాళ్ళకు. పరీక్ష అయ్యేదాకా వాటి జోలికి పోకండి.

బండి, చెయ్యి

ఇక్కడికి వచ్చాక పుస్తకం మూసేయమన్నాను. వంటింటి నేల ముదురు రంగు. డబ్బాలోంచి గుప్పెడు బియ్యప్పిండి తీసి సంక్రాంతికి వేసినట్టే ముగ్గు వేశాను. మధ్యలో స్టీలు కంచం బోర్లించాను. చుట్టూ గుండ్రని దారి, దానికి నాలుగు రోడ్లు, ఒక్కో రోడ్డు కంచాన్ని చేరే చోట రెండేసి వరుసలు. అగ్గిపెట్టె మన కారు. ఇంకో మూడు అగ్గిపెట్టెలు లేక మసాలా డబ్బాలోని చిన్న గిన్నెలు తీసి, మిగిలిన మూడు రోడ్ల చివర ఒక్కొక్కటి ఆపాను. ఒక ఏలక్కాయ సైకిలు. అప్పడాల కర్ర పొడవాటి లారీ. మనం వచ్చేది గడియారంలో ఆరు ఉన్న వైపు నుంచి. ఎడమకు దిగితే తొమ్మిది, నేరుగా పోతే పన్నెండు, కుడికి పోతే మూడు.

మొదట ఎడమకు, అంటే తొమ్మిదికి. బండి ఎడమ లేన్, చెయ్యి ఎడమ, దిగేదాకా ఎడమే. ఇందులో ఎవరూ తప్పు పోరు.

తర్వాత కుడికి, అంటే మూడుకు. చుట్టూ తిరిగి వచ్చిన దారినే వెనక్కి పోవాలన్నా ఇదే పద్ధతి. బండి కుడి లేన్, చెయ్యి కుడి, లోపల కంచాన్ని ఆనుకునే తిరగాలి. పన్నెండు దారి దాటగానే చెయ్యి ఎడమకు మారాలి, అద్దాలు చూసుకుని బయటి వరుసకు జరిగి మూడులో దిగాలి. ఈ 'దాటగానే' అన్న మాటను పట్టుకోండి. మనం దిగే దారికి ముందరి దారి దాటాక ఎడమ ఇండికేటర్. పుస్తకం రెండు సందర్భాల్లో ఇదే మాట చెబుతుంది. పరీక్షలో ప్రశ్నలు ఎక్కువగా తిరిగేదీ దీని చుట్టూనే.

ఇక నేరుగా, పన్నెండుకు. ఇక్కడే పసుపు గీతలన్నీ కలగలిసిపోయేది. రౌండబౌట్‌ను చేరేటప్పుడు ఏ ఇండికేటరూ వద్దు. గీతలు, బోర్డులు వేరేగా చెప్పకపోతే మామూలుగా ఎడమ లేన్. తొమ్మిది దారి దాటాక ఎడమ ఇండికేటర్ వేసి పన్నెండులో దిగాలి.

"ముందే ఎడమ వేస్తే ఏమైతది అక్కా? ఎట్లాగూ ఎడమకే కదా దిగేది?"

అగ్గిపెట్టె ఆమె చేతికి ఇచ్చాను. తొమ్మిది రోడ్డు చివర ఆగి ఉన్న గిన్నె ముందు మోకాళ్ళ మీద కూర్చోమన్నాను. "ఇప్పుడు నువ్వు కారులో లేవు, ఈ గిన్నెలో ఉన్నావు. ఆరు వైపు నుంచి వచ్చే అగ్గిపెట్టె ఎడమ ఇండికేటర్ వేసుకుని వస్తోంది. నీకేమనిపిస్తుంది?"

"నా రోడ్డులోనే దిగుతాడనిపిస్తది."

"అప్పుడు నువ్వేం చేస్తావు?"

"నేను బయల్దేరతా." గిన్నెను ముందుకు నెట్టింది. అగ్గిపెట్టె వచ్చి దానికి తగిలింది. కాసేపు రెండింటినీ అలాగే చూస్తూ ఉండిపోయింది.

మళ్ళీ పెట్టాం. ఈసారి పన్నెండు రోడ్డు చివర ఉన్న గిన్నెలో కూర్చుంది. అగ్గిపెట్టె తొమ్మిది దాటింది, ఏ ఇండికేటరూ లేదు. గిన్నె కదలలేదు. ఎందుకంటే ఈ కారు తన ముందు నుంచి ఇంకా అటు పోతుందేమో తెలియదు. అదే చోట ఎడమ దీపం వెలిగిందనుకుంటే, అది తన రోడ్డులోనే దిగిపోతుందని గిన్నెకు తెలుస్తుంది, ఖాళీగా ఎదురుచూడకుండా బయల్దేరవచ్చు. చెయ్యి ముందుగా చాపితే ఒకరికి దెబ్బ తగులుతుంది, ఆలస్యంగా చాపితే ఇంకొకరు ఊరికే ఆగిపోతారు. ఆ నడిమి క్షణం ఏదో పుస్తకం చెబుతోంది, ముందరి దారి దాటాక అని. నేరుగా పోయేటప్పుడు మొదట్లో ఇండికేటర్ వెయ్యకపోవడం కూడా ఒక కబురే. మొదటి దారిలో దిగను, చుట్టూ తిరగను అని అందరికీ చెప్పడమే అది.

నేను మార్చుకున్న పద్ధతి ఇదే. మొదటిసారి చదివినప్పుడు ప్రతి ప్రశ్నలోనూ నేను నా కారులోనే కూర్చున్నాను. నేనేం చెయ్యాలి, నాకేది నియమం అని చూసుకున్నాను. రెండోసారి ప్రతి ప్రశ్నకూ ముందు కారు దిగి, ఎదుటివాడి చోట కూర్చున్నాను. ఆగి ఉన్న కారులో, సైకిలు మీద, లారీలో, గుర్రం మీద. అక్కడి నుంచి నన్ను చూసుకుంటే ఏది చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో కనిపించేది. రౌండబౌట్ నియమాల్లో ఒక్కటి కూడా మనం త్వరగా పోవడానికి రాసింది కాదు. అన్నీ అవతలివాళ్ళకు మన మనసులో మాట తెలియడానికి రాసినవి. ప్రశ్నలు తయారు చేసేవాళ్ళు ఆ మనసుతోనే తయారు చేస్తారు. అందుకే ఒక ప్రశ్నకు జవాబు తోచకపోతే, నాలుగింటిలో ఎదుటివాడిని కంగారు పెట్టనిది ఏదో వెతకండి. చాలాసార్లు సరైనది అదే అవుతుంది.

లేన్ల విషయంలో ఒక్కమాట. పన్నెండు దాటిన దారులన్నిటికీ కుడి లేన్ అని ఇక్కడి డ్రైవింగ్ మాస్టర్లు చాలామంది గడియారం లెక్క చెబుతారు. మొదట్లో ఆసరాకు మంచిదే. కానీ రోడ్డు మీద బాణాలు గీసి ఉంటే బాణాలదే మాట.

ఏలక్కాయ, అప్పడాల కర్ర

సైకిళ్ళ గురించి కాస్త నిలబడి చెప్పాలి. 2022 జనవరి 29న హైవే కోడ్ మారింది. రౌండబౌట్ మీద ఉన్న సైకిలిస్టుకు ముందు దారి ఇవ్వాలని, ఆ లేన్‌లోనే వాళ్ళను దాటి పోవడానికి చూడకూడదని, మన ముందు నుంచి అడ్డంగా జరగనివ్వాలని అప్పుడు చేర్చారు. మన వాళ్ళలో ఒకరి పుస్తకం ఇంకొకరికి ఇచ్చుకునే మంచి అలవాటు ఉంది. నేనూ అలా ఇచ్చినదాన్నే. ఈ ఒక్క పుస్తకం విషయంలో మాత్రం అచ్చయిన సంవత్సరం చూసుకోండి. అది పాతదైతే మీ కష్టమంతా పాత జవాబుల పాలవుతుంది.

సైకిలిస్టులు, గుర్రపు రౌతులు ఎటు పోతున్నా ఎడమ లేన్‌లోనే ఉండవచ్చు. ఎడమ లేన్‌లో ఉండి కుడిచెయ్యి చాపారంటే, ఈ దారిలో దిగడం లేదు, ఇంకా ముందుకు తిరుగుతాను అని. కారు నియమంతో చూస్తే ఇది తప్పులా కనిపిస్తుంది, అందుకే ప్రశ్నగా వస్తుంది. ఏలక్కాయను ముగ్గు బయటి అంచున నెమ్మదిగా నడిపించి చూడండి. రెండు వేళ్ళ మధ్య అంత చిన్న గింజ, పక్కనే అగ్గిపెట్టెలు దూసుకుపోతుంటే మధ్య వరుసకు ఎలా వెళ్ళగలదు? అంచునే పోవడం దాని ప్రాణరక్షణ.

అప్పడాల కర్రను కంచం చుట్టూ తిప్పబోతే ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. ఒక్క వరుసలో పట్టదు. ముందు కొస లోపలి గీత దాటితే వెనక కొస బయటి గీత తొక్కుతుంది. పొడవాటి లారీ ఎడమ ఇండికేటర్ వేసుకుని కుడి పక్కకు జరిగి ఉంటే మీరేం చెయ్యాలి అన్న మాదిరి ప్రశ్న చాలామందిని తికమక పెడుతుంది. ఎడమ పక్కన ఖాళీ కనిపిస్తోంది కదా అని దూరకూడదు. ఆ ఖాళీ లారీ వెనక భాగం తిరగడానికి ఉంచుకున్న చోటు. వెనకే, దూరంగా ఆగాలి. కర్ర చేత్తో తిప్పినవాళ్ళు ఈ ప్రశ్న తప్పు పోవడం నేను చూడలేదు.

మినీ రౌండబౌట్‌కు దిబ్బ ఉండదు, రోడ్డు మీద తెల్లరంగు గుండ్రం ఉంటుందంతే. మొట్టమొదటి మినీ రౌండబౌట్లు ఈ దేశంలో వచ్చింది 1969లో, పీటర్‌బరోలో. ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజనీరు చేసిన ప్రయోగాల్లోంచి పుట్టాయి. రంగే కదా అని దాని మీదుగా పోకూడదు. చుట్టూ తిరగలేనంత పెద్ద వాహనాలకు తప్ప అందరికీ చుట్టి పోవడం తప్పనిసరి. వెనక్కి తిరగడానికి దాన్ని వాడుకోవద్దని కూడా కోడ్ చెబుతుంది. బోర్డులు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎర్ర అంచు త్రికోణంలో గుండ్రంగా తిరిగే మూడు నల్ల బాణాలు ముందు రౌండబౌట్ ఉందన్న హెచ్చరిక. నీలం వృత్తంలో మూడు తెల్ల బాణాలు మినీ రౌండబౌట్.

స్విండన్ పట్టణంలో మ్యాజిక్ రౌండబౌట్ ఒకటుంది. 1972లో కట్టారు, దాని వెనకా బ్లాక్‌మోరే. ఒక పెద్ద చక్రం అంచున ఐదు మినీ రౌండబౌట్లు. లోపలి వలయంలో వాహనాలు అప్రదక్షిణంగా తిరుగుతాయి. దాని ఫొటో చూసి భయపడి పరీక్ష వాయిదా వేసుకుంటానన్నవాళ్ళు నాకు తెలుసు. నేను ఒకసారి దాని పక్క కాలిబాట మీద అరగంట నిలబడి చూశాను. ఎవరూ ఐదింటి గురించీ ఒక్కసారే ఆలోచించడం లేదు. ప్రతివాళ్ళూ తమ ముందున్న ఒక్క తెల్ల గుండ్రం దగ్గర ఆగి, కుడివైపు చూసి, కదిలి, తర్వాతి గుండ్రం దగ్గర మళ్ళీ కుడివైపు చూస్తున్నారు. హైవే కోడ్ కూడా అదే చెబుతుంది. ఎన్ని కలిసి ఉన్నా ఒక్కొక్కదాన్ని విడిగా చూడమంటుంది. ఈ మాట విన్నాక మీకు చదువులో మిగతా భయాలు కూడా కాస్త తేలికపడితే నాకు సంతోషమే.

మాట

మన ఊళ్ళో ఎల్.ఎల్.ఆర్. పరీక్ష తెలుగులో రాసే వీలుంది. ఇక్కడ ఒకప్పుడు కొన్ని పరాయి భాషల్లో ప్రశ్నలు వినిపించే సౌకర్యం ఉండేది, 2014 ఏప్రిల్‌లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఇంగ్లీషు, వెల్ష్ మాత్రమే. కాబట్టి చదువు తెలుగులో సాగినా చివరికి నాలుగైదు ఇంగ్లీషు మాటల మీద మన జవాబు ఆధారపడి ఉంటుంది.

వాటిలో ముఖ్యమైనది 'అప్రోచ్'. రౌండబౌట్‌లోకి ఇంకా వెళ్ళలేదు, దాన్ని చేరుతున్నాం అని. ప్రశ్నలో ఈ మాట ఉంటే మీ అగ్గిపెట్టె ఇంకా కంచం చుట్టూ ఉన్న దారిలోకి రాలేదన్నమాట. అదే ప్రశ్న 'ఆన్ ద రౌండబౌట్' అని మొదలైతే జవాబు పూర్తిగా మారిపోవచ్చు. నేరుగా పోయేవాడు అప్రోచ్‌లో ఇండికేటర్ వెయ్యడు, లోపలికి వెళ్ళాక వేస్తాడు. ఒక్క మాట పొరపాటు చదివినందుకు నియమం తెలిసీ మార్కు పోతుంది. 'ఇంటర్మీడియట్ ఎగ్జిట్' అంటే మన పిల్లలు చదివే ఇంటర్ కాదు, మొదటి దారికీ కుడి దారికీ మధ్యలో ఉన్నది. 'గివ్ వే' అన్నప్పుడు ప్రతిసారీ పూర్తిగా ఆగాలని కాదు. ఎదుటివాళ్ళు వేగం తగ్గించుకునే పని, దారి మార్చుకునే పని పెట్టకుండా కలవాలని. ఎవరూ రాకపోతే ఆగకుండా పోవచ్చు. ఒక చిన్న నోటుబుక్కులో ఈ మాటలు రాసుకుని, పక్కన తెలుగులో అర్థం కాకుండా, అగ్గిపెట్టె ఎక్కడుందో బొమ్మ గీసుకోండి.

పరీక్షకు 57 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం కన్నా కాస్త ఎక్కువే దొరుకుతుంది, తొందరపడాల్సిన పని లేదు. అనుమానం ఉన్న ప్రశ్నకు గుర్తు పెట్టుకుని చివర్లో మళ్ళీ రావచ్చు. ఆ తర్వాత వచ్చే హజార్డ్ పర్సెప్షన్, అంటే రోడ్డు మీద రాబోయే ప్రమాదాన్ని పసిగట్టే భాగంలో 14 వీడియోలు, 75కి 44 రావాలి. రెండు భాగాలూ ఒకేసారి పాసవ్వాలి. ఒకటి పోతే రెండూ మళ్ళీ రాయాలి, 23 పౌండ్లు మళ్ళీ కట్టాలి. పాసైన సర్టిఫికెట్ రెండేళ్ళు చెల్లుతుంది, ఆలోపు రోడ్డు పరీక్ష ముగించుకోవాలి.

ఆ వీడియోల భాగానికి యాప్‌లు సరిపోవని నా అభిప్రాయం. ముందే తయారైన వీడియోలో ప్రమాదం ఎక్కడో ఉందని మనకు తెలుసు, కన్ను దానికోసం కాచుకుని ఉంటుంది. నిజం రోడ్డును ఊరికే చూడటం అలవాటు కావాలి. కారు లేనివాళ్ళకు దీనికి చక్కని చోటు ఒకటుంది, డబల్ డెక్కర్ బస్సు పై అంతస్తు, ముందు సీటు. అద్దం నిండా రోడ్డే. రౌండబౌట్ వచ్చే ముందు పెద్ద బోర్డు చదవడం, మన బస్సు ఏ లేన్‌లోకి జరిగిందో చూడటం, ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టడం, ముందున్న ఒక కారును ఎంచుకుని అది ఎటు దిగుతుందో ముందే అనుకోవడం. వారం రోజులు డ్యూటీకి పోతూ వస్తూ ఇలా చూస్తే, పుస్తకం నెల రోజులు చదివినా రానిది వస్తుంది.

ఆ అమ్మాయిని మరుసటి ఆదివారం అలా తీసుకెళ్ళాను. ముందు సీట్లు రెండూ ఖాళీగా దొరికాయి. మొదటి రెండు రౌండబౌట్ల దగ్గర నేనే చెప్పాను. మూడోదానికల్లా నేను నోరు తెరవకముందే ఆమె పెదవులు కదులుతున్నాయి, కన్ను కుడి, బండి ఎడమ, చెయ్యి ఇంకా లేదు. నాలుగోది పెద్దది. బస్సు గీత దగ్గర ఆగింది. మా కుడివైపు నుంచి ఒక ఎర్ర కారు వచ్చి ముందు నుంచి తిరిగింది. మాకు ఎదురుగా ఉన్న రోడ్డు చివర పచ్చ కోటు వేసుకున్న సైకిలాయన ఒక కాలు నేలకు ఆనించి కుడివైపు చూస్తున్నాడు.

ఎర్ర కారు ఎడమవైపు దారి దాటింది.

"ఇప్పుడు ఎడమ," అంది ఆ అమ్మాయి.

దీపం వెలగలేదు. కారు అలాగే పోయి సైకిలాయన పక్క నుంచి ఆ రోడ్డులోనే దిగిపోయింది. అప్పటికి దాని వెనక ఇంకో మూడు కార్లు చక్రంలోకి వచ్చేశాయి. సైకిలాయన పెడల్ మీద పెట్టబోయిన కాలు మళ్ళీ నేలకు దించాడు.

"చెప్పలేదక్కా వాడు," అంది ఆమె, అద్దానికి దగ్గరగా వంగి. "చెప్పుంటే పాపం ఆయన ఎప్పుడో పోయేవాడు."